టెక్కలి దారిలో రాతి షెడ్డు: పాలిష్‌కి వంక లేదు, ఒత్తుల దగ్గరే గొడవ

పేరు తెలియని జవాన్లకు ఊళ్లో స్మారకం నిలపాలంటే శ్రీకాకుళం జిల్లాలో రాయి కోసం దూరం పోనక్కర్లేదు, టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైట్ ఉంది. హైవే పక్కనున్న ఈ షెడ్డులో కోత, పాలిష్ గట్టి పని. పలకను ఏటవాలుగా చూస్తే పైనున్న ట్యూబ్‌లైటు గీత వంకరపోకుండా కనిపిస్తుంది. 3 అడుగుల ఎత్తు, 2 అడుగుల వెడల్పు, 3 అంగుళాల మందం పలక సుమారు 115 కిలోలు తూగుతుంది. దించడానికి నలుగురు ఉండాలి, కింద పాత టైరు వేయాలి.

చిక్కంతా అక్షరాలతోనే. అక్షరాల ఆకారంలో స్టిక్కరు కత్తిరించి రాయికి అంటించి, గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి చెక్కుతారు. ‘అజ్ఞాత’లో జ్ఞ ఒత్తు, ‘స్మృత్యర్థం’లో మూడు ఒత్తులూ సన్నం. సున్నా లోపలుండే చిన్న స్టిక్కరు ముక్క గాలికి లేచిపోతే అక్షరం గుంటగా మారుతుంది. ముతక గింజ రాయి కాబట్టి అంచులూ రాలతాయి. ‘పేరు తెలియని జవాను’ అని రాయించండి, ఒక్క ఒత్తూ లేదు! బంగారు రంగు అడగొద్దు. ఢిల్లీలో అమర్ జవాన్ అనే బంగారు అక్షరాలు నల్ల రాయి మీద కాబట్టి తేలాయి. నీలి రాయికి నలుపు నింపించండి.

వాళ్ల కంప్యూటర్లో ఉన్నది వర్ధంతి రాళ్ల నమూనా: ఫొటో, జననం, మరణం, కింద దాతల చిట్టా. అవన్నీ తీయించండి, దాతలు వెనక వైపుకి పోవాలి. ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన కామన్‌వెల్త్ దేశాల సైనికుల సమాధుల్లో గుర్తు తెలియనివారికి రెజిమెంటు, హోదా తెలిసినంతవరకు చెక్కి, చివర ‘దేవుడికే ఎరుక’ అనే అర్థం వచ్చే మాట పెడతారు. ఆ పద్ధతి బాగుంటుంది.

తుపాకీ బొమ్మ తలకిందులుగా ఉండాలి: గొట్టం నేల వైపు, బట్ పైకి, దాని మీద హెల్మెట్. ఇక్కడ గొట్టం పైకి చెక్కేశారు, గీత చూపించి మరీ చెప్పాలి. విడి శిల్పం వద్దు, లారీలో గొట్టం విరుగుతుంది. పలక మీదే ఉబ్బెత్తుగా చెక్కించండి.

దిమ్మెకి బిగించడానికి ఇనుప కడ్డీలిస్తారు. సముద్రగాలికి అవి తుప్పుపట్టి ఉబ్బితే రాయి రంధ్రం దగ్గరే చీలుతుంది. 12 మి.మీ. స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు రెండు, ఎపాక్సీ జిగురు అడగండి. రంధ్రంలో తడి ఉంటే ఎపాక్సీ సరిగా పట్టదు. కడ్డీ రకాన్ని బిల్లులోనే రాయించుకోండి.