వాల్విస్ బే పక్షుల యాత్ర: గైడు సేవపై సమీక్ష

నమీబియా తీరంలోని వాల్విస్ బేలో స్థానిక గైడుతో సాగే ఈ పక్షుల యాత్ర, ఇసుక దిబ్బల ముందు ఫొటోలు దిగి వెళ్లిపోయేవారికి కాక, ఓపికగా నిలబడి చూడగలవారికే తగినది. చల్లని బెంగ్వేలా సముద్ర ప్రవాహం వల్ల ఇక్కడ వాన దాదాపు కురవదు గాని పొగమంచు తరచుగా కమ్ముకుంటుంది. ఉదయాన్నే బైనాక్యులర్ అద్దాలు తుడుచుకోవడంతోనే కొంతసేపు గడిచిపోతుంది.

అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో 1995లో చేరిన ఇక్కడి మడుగులో పెద్ద, చిన్న ఫ్లెమింగోలు కలిసి మేస్తుంటాయి. గులాబీ ముక్కుకు చివర మాత్రమే నలుపు ఉంటే పెద్దదనీ, ముక్కంతా ముదురు ఎరుపైతే చిన్నదనీ గైడు టెలిస్కోపులో చూపించి వివరించారు. మన పులికాట్‌లో ఫ్లెమింగోలను చూసినవారికి ఇది అంత కొత్త కాదు.

యాత్ర అసలు విలువ రూయిబ్యాంక్ అనే చోట తెలుస్తుంది. ఎండిన కుయిసెబ్ నది పక్కనున్న ఎర్రటి దిబ్బల మీద, ఇసుక రంగులోనే ఉండే డ్యూన్ లార్క్ అనే చిన్న పిట్ట గడ్డి దుబ్బుల మధ్య పరుగెత్తి, ఆగి, గింజల కోసం ఇసుకను తవ్వుకోవడాన్ని చాలా దగ్గరగా చూశాం. డమారా టెర్న్ అనే సముద్రపు పక్షులు గుడ్లు పెట్టే కంకర నేలపైకి వాహనాన్ని పోనివ్వకపోవడం మెచ్చుకోదగినది. భోజనం మాత్రం నాసిరకంగా ఉంది. ఎండలో నీడ ఏర్పాటు కూడా లేదు. ఆ రుసుముకు ఈపాటి సౌకర్యం కల్పించవలసింది.