పాస్ చేతిలో ఉంది, సీటే లేదు

ప్రయాణ దినాల లెక్కన కొనుక్కుని చాలా దేశాల రైళ్లెక్కే యూరప్ రైలు పాస్ ఎలా ఉందని ఎవరడిగినా నా నోట్లోంచి ముందు వచ్చేది సీటు రిజర్వేషన్ గోలే. ఎన్ని దేశాల్లో చెల్లుతుంది, ఫస్ట్ క్లాసుకి ఎంత, సెకండ్ క్లాసుకి ఎంత, ఇవన్నీ కొనేచోట పెద్ద అక్షరాలతో రాసే ఉంటాయి. నా తగువంతా చిన్న అక్షరాలతో. ఒకసారి వాడి విసుగొచ్చి రాస్తున్నది కాదిది. తర్వాత మళ్లీ కొనుక్కుని ఇంకోసారి తిరిగాం కూడా. అయినా ఆ ఒక్క విషయంలో కోపం చల్లారలేదు.

మావారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. మా ఇంట్లో పాస్ అంటే ఒకటే లెక్క: కౌంటర్లో చూపిస్తే బెర్తు రాసి ఇస్తారు. పెళ్లైన కొత్తలో పూరీ వెళ్లినా, పిల్లల్ని వేసుకుని తిరుపతి వెళ్లినా అదే పద్ధతి. అలాంటి మనిషికి నేను నిబంధనలు చదివి వినిపించాను. ఫ్రాన్స్ లోపల తిరిగే హైస్పీడ్ రైళ్లకి మనిషికి 10 నుంచి 20 యూరోలు, ఇటలీలో 13 దాకా, పారిస్ నుంచి లండన్ వెళ్లే రైలుకి 30 పైనే, పాస్ ఉన్నా సరే విడిగా కట్టి సీటు రాయించుకోవాలి. "పాస్ కొన్నాక మళ్లీ సీటుకి డబ్బులేటి? ఎవడు చెప్పేడు నీకు?" అని నా ఫోన్ లాక్కుని చదివారు. రెండోసారీ చదివారు. ఆ పూట ఇంక మాట్లాడలేదు.

అసలు పాస్ ఎందుకు కొన్నామంటే, ప్లానింగ్‌లో మా ఇద్దరికీ పొసగదు. ఏ రైలు, ఎన్నింటికి దిగుతాం, అక్కణ్ణించి హోటల్ ఎంత దూరం, అన్నీ పొడుగు నోట్‌బుక్‌లో గళ్లు గీసి రాసుకుంటే గాని ఆయనకి నిద్ర పట్టదు. నాకేమో ఒక ఊరు నచ్చితే ఇంకో రాత్రి ఉండిపోవాలి. ముందే కొనే టికెట్లు చవకే, కానీ చాలావరకు ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి, మానుకుంటే డబ్బు వెనక్కి రాదు. పాసైతే అనుకున్న రోజు ఎక్కొచ్చు కదా అన్నది నా వాదన. ఇద్దరం గొడవ లేకుండా ఒప్పుకున్న తేదీ ఒక్కటే. దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను నాటికి విజయనగరంలో, మా ఇంట్లో ఉండాలి. దాని నుంచి వెనక్కి లెక్కేసుకుని సెప్టెంబరులో పెట్టుకున్నాం.

పాస్ ఇస్తానన్న స్వేచ్ఛలో సగం వీసా దగ్గరే కరిగిపోయింది. షెంగెన్ వీసాకి (యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా) ఏ రాత్రి ఎక్కడ ఉంటారో చూపించాలి, ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికే దరఖాస్తు పెట్టుకోవాలి. నచ్చితే ఉండిపోదాం అంటే కాగితం మీద కుదరదు. ఉచితంగా రద్దు చేసుకోగలిగే హోటళ్లే వెతికి రాయించాం. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాద్ వెళ్లి వేలిముద్రలిచ్చి వచ్చాం. ఆ తర్వాత ఊళ్లు కాస్త అటూ ఇటూ జరుపుకున్నాం గానీ దేశాల లెక్క మాత్రం కదపలేదు. (కందిపొడి, అటుకులు నిక్షేపంగా వెళ్లాయి. నెయ్యి సీసా మాత్రం పెట్టుకోకండి, పాలతో చేసినవేవీ బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు.)

ఇక అసలు సంగతి. పారిస్ నుంచి స్విట్జర్లాండ్‌లోని లూసర్న్ వెళ్లాలి. పారిస్ నుంచి బాసెల్‌కి హైస్పీడ్ రైలు మూడు గంటల్లో దింపేస్తుంది, అక్కణ్ణించి లూసర్న్ ఇంకో గంట. ఇండియాలో ఉండగానే సీట్లు రాయించేద్దామని కూర్చున్నాను. పాస్ ఉన్నవాళ్లకని ఒక్కో రైల్లో కొన్ని సీట్లే వేరుగా ఉంచుతారు. పొద్దుటి రైల్లో అలాంటి సీటు ఒకటి చూపించింది. ఒక్కటే. మధ్యాహ్నం రైల్లో అదీ లేదు. ముందురోజు, మర్నాడు కూడా చూశాను, ఉంటే ఒకటి, లేకపోతే సున్న. అదే రైలుకి మామూలు టికెట్ కావాలని నొక్కితే మాత్రం ఎన్ని కావాలంటే అన్ని ఉన్నాయి, ధరే ఆకాశంలో ఉంది.

"వెయిటింగ్ లిస్టు లేదా?" అన్నారు మావారు. లేదన్నాను. "పోనీ ఆర్‌ఏసీ?" అదీ లేదు. "ఎమర్జెన్సీ కోటా ఏదో ఒకటి ఉంటాది, అక్కడికెళ్లి నేను మాట్లాడతాను కదా." సరే, రైల్వే మనిషి, రైల్వేవాళ్లతో ఆయనే మాట్లాడుకుంటారని ఊరుకున్నాను.

పారిస్‌లో దిగిన మర్నాడే గార్ ద లియోన్ స్టేషన్‌కి వెళ్లాం. టోకెన్ తీసుకుని కూర్చున్నాం. కౌంటర్లో పెద్దావిడ, కళ్లజోడు గొలుసుతో మెడలో వేలాడుతోంది. మావారు ఫోన్లో పాస్ చూపించి, తన పాత రైల్వే ఐడీ కార్డు కూడా తీసి బల్ల మీద పెట్టారు. నేను వద్దంటూనే ఉన్నాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, గౌరవంగానే వెనక్కిచ్చింది. తర్వాత స్క్రీన్ మా వైపు తిప్పింది. పాస్ సీటు: ఒకటి. మామూలు సీటు: కావలసినన్ని. ఇద్దరికీ ఆ రోజు రేటు కట్టేస్తే ఇంక పాస్ కొనడం దేనికి?

"నువ్వా సీట్లో వెళ్లిపో, నేను వెనకాల ఏదో రైలు పట్టుకుని వచ్చీస్తాను" అన్నారాయన. సర్వీసంతా ఆయన ఒక రైల్లో నేనొక చోట, రిటైరయ్యాక ఇద్దరం కలిసి తిరుగుదామని బయల్దేరితే ఇక్కడా అదేనా అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, పక్క కౌంటరతను తలెత్తి చూశాడు. నా కోపం సీటు దొరకనందుకు కాదు. జంటకని రెండు పాసులు అమ్మినవాళ్లకి, ఆ రెండు పాసులూ ఒక రైల్లో కూర్చోవాలన్న ధ్యాస లేనందుకు. రైలు నిండిపోతే ఎవరేం చేస్తారు? కానీ నిండలేదు కదా.

ఆవిడే ఒక చీటీ తీసుకుని మూడు ముక్కలు రాసిచ్చింది: ఎస్ట్ స్టేషన్, ములూజ్, బాసెల్. వేళ్లతో చూపించింది, ఈ దారిలో రిజర్వేషన్ లేదు, పాస్ చాలు, కాకపోతే నెమ్మది. ములూజ్‌కే ఐదు గంటల దగ్గర.

ఆ ఐదు గంటలే మా ట్రిప్ మొత్తంలో మావారికి అన్నిటికన్నా నచ్చినవి. గార్ ద లెస్ట్ (ఆవిడ రాసిచ్చిన ఎస్ట్ స్టేషనే) నుంచి ప్రాంతీయ రైలు, ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. త్రువా దాటాక జనం పలచబడ్డారు. పొలాలు, ఆవులు, మధ్యలో ఎవరూ ఎక్కని స్టేషన్లు. కాసేపటికి ఆయన కిటికీకి ముక్కు ఆనించి పైకి చూడటం మొదలెట్టారు. ఏమైందని అడిగితే, "ఇక్కడ కరెంటు తీగ లేదు. డీజిల్ మీద పోతన్నాది. పారిస్ నుంచొచ్చే లైనుకి కరెంటు లేదేటి? మన రాయపూర్ లైనుకే వచ్చీసింది!" అన్నారు. అక్కణ్ణించి ములూజ్ దాకా ఆయన ముఖంలో ఆ వెలుగు పోలేదు.

షోమోంట్ స్టేషన్ వచ్చే ముందు పెద్ద వంతెన. 1850లలో రాతితో కట్టింది, 600 మీటర్ల పొడుగు, 50 మీటర్ల పైన ఎత్తు, కింద మూడు అంతస్తులుగా కమానులు. రైల్లో కూర్చుంటే ఆ కమానులేవీ కనిపించవు, ఒక్కసారిగా నేల కిందికి జారిపోయి చెట్ల తలలు కనిపిస్తాయి, అంతే. ఆయన సీటు దిగి తలుపు దగ్గరికెళ్లి నిలబడ్డారు. "బ్రిడ్జి మీద నెమ్మదిగా పోనిచ్చేడు. ముందు స్టేషనుంది కదా, లేకపోతే ఎంత స్పీడుకి పర్మిషనుందో తెలిసీది" అని వచ్చి కూర్చున్నారు. నోట్‌బుక్‌లో రాసుకున్నారు కూడా, మధ్యాహ్నం ఎన్నింటికో నిమిషంతో సహా. హైస్పీడ్ రైల్లో వెళ్లుంటే ఇవేవీ చూసేవాళ్లం కాదు. దానికి పాస్ అమ్మినవాళ్లకి థ్యాంక్స్ చెప్పాలా? చెప్పను. ఆ దారి వాళ్లు చెప్పింది కాదు, కళ్లజోడు గొలుసావిడ చెప్పింది.

ములూజ్‌లో బాసెల్ బండి మారడం, బాసెల్‌లో లూసర్న్ బండి మారడం, అన్నీ ఒక్క ప్రయాణ దినం ఖర్చులోనే అయిపోయాయి. అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా ఎన్ని రైళ్లెక్కినా ఒక రోజు కిందే లెక్క. ఇది మాత్రం బాగుంటుంది. స్విట్జర్లాండ్‌లో మామూలు రైళ్లకి రిజర్వేషన్ మాటే లేదు, ఆస్ట్రియాలో కావాలంటే చేసుకోవచ్చు, తప్పనిసరి కాదు. జ్యూరిక్ నుంచి ఇన్స్‌బ్రుక్ మీదుగా సాల్జ్‌బర్గ్ వెళ్లిన రోజు, అనుకున్న రైలు వదిలేసి భోంచేసి తర్వాత రైలెక్కాం, అడిగినవాడు లేడు. ఆ రోజే మా చెల్లెలికి ఫోన్ చేసి కళ్లు మూసుకుని కొనేయమన్నాను.

ఇప్పుడైతే కళ్లు తెరిచే కొనమంటాను. రెండోసారి ఫ్రాన్స్ జోలికి పోకుండా జర్మనీ, ఆస్ట్రియా, చెక్ పెట్టుకున్నాం. జర్మనీలో కూడా లోపలి రైళ్లకి రిజర్వేషన్ తప్పనిసరి కాదు. కానీ శుక్రవారం సాయంత్రం మ్యూనిక్ వైపు వెళ్లే బండిలో సీట్ల పైన అన్నిటికీ ఎవరెవరివో రిజర్వేషన్ లైట్లు వెలుగుతున్నాయి. గంటకి పైగా తలుపు పక్కన సూట్‌కేసు మీద కూర్చున్నాను, నా మోకాళ్లకి ఆ సంగతి ఇంకా గుర్తుంది. ఏ రైలైనా ఎక్కొచ్చు అన్నది నిజమే. కూర్చోవచ్చు అని ఎవరూ అనలేదు. ఐదారు యూరోలు పెడితే అక్కడ సీటు రాసిస్తారు, శుక్ర, ఆదివారాల్లో పెట్టేయండి.

దానికి విరుగుడు కూడా జర్మనీలోనే ఉంది. అక్కడి దూరపు రైళ్లు 2024లో ఆరు నిమిషాల లోపు తేడాతో చేరినవి నూటికి 62 దాకానే. ఒక బండి ఆలస్యమై తర్వాతి బండి తప్పిపోయినప్పుడు, చవక టికెట్ కొన్నవాళ్లు యాప్‌లో నిబంధనలు వెతుక్కుంటూ కౌంటర్ ముందు వరస కట్టారు. మేం ప్లాట్‌ఫారం మీద తర్వాత వచ్చింది ఎక్కేశాం. మావారి పరమానందం చూడాలి: "మన డివిజన్ గుర్తొస్తన్నాది."

పాస్ యాప్ గురించి ఒక ముక్క. ప్రతి రైలునీ వెతికి ట్రిప్‌లో చేర్చి, పక్కనున్న మీట జరిపితేనే స్కాన్ చేసే కోడ్ వస్తుంది. మొదట్లో రెండు పాసులూ ఆయన ఫోన్లోనే ఎక్కించుకున్నాం. ఇంజన్ చూసొస్తానని ఆయన ఫోన్‌తో సహా ముందుకి వెళ్లడం, టికెట్ కలెక్టర్ నా దగ్గరికి రావడం ఒకేసారి జరిగాయి. పాస్‌పోర్టు చూపించి, మావారు వస్తారని సైగలు చేస్తూ కూర్చున్నాను. అతను నవ్వి మళ్లీ వస్తానన్నాడు, వచ్చాడు కూడా. దాంతో నా పాస్ నా ఫోన్లోకి మార్చుకున్నాను.

దగ్గరి ఊళ్లకి పాస్ రోజు తగలేయకండి. వియన్నా నుంచి బ్రాటిస్లావా గంట ప్రయాణం, టికెట్ చవక. వెరోనా నుంచి వెనిస్‌కి ప్రాంతీయ రైల్లో వెళ్తే ధర ఎప్పుడు కొన్నా ఒకటే. మెట్రోలు, ట్రాములు పాస్‌లో రావు. జర్మనీలో ఎస్-బాన్ (ఊరి చుట్టూ తిరిగే లోకల్ రైలు) వస్తుంది, యూ-బాన్ (మెట్రో) రాదు.

మరి కొనమంటావా అని మా వీధిలో బ్యాంకు ఉద్యోగాల జంట అడిగారు. వాళ్లకి దొరికేది దసరా సెలవులు, వెళ్లాలనుకున్నది పారిస్, వెనిస్, రోమ్. వద్దన్నాను. ఫ్రాన్స్, ఇటలీ రెండూ సీటుకి డబ్బు అడిగేవే, తేదీలు కదలవు, ముందే టికెట్లు కొనుక్కోవడం నయం. మా పరిస్థితి వేరు. టైముకి లోటు లేదు, ఐదు గంటల రైలైనా ఫర్వాలేదు, సామాను తక్కువ. పైగా ఆయనకి 60 దాటాయి కాబట్టి పాస్ మీద పదో వంతు తగ్గింపు వచ్చింది, నాకు రాలేదు. కొన్నాక మొదలుపెట్టడానికి 11 నెలల గడువుంటుంది గనక, ధర తగ్గించినప్పుడు కొని పెట్టుకున్నాం. ఇవేవీ లేకుండా పూర్తి ధర పెట్టాల్సి వస్తే ఏమనేదాన్నో.

నాకూ 60 నిండాక మళ్లీ ఆలోచిద్దాం అంటున్నారు మావారు. ఈలోపు ప్రాగ్ నుంచి వియన్నాకి ముందుగా కొంటే టికెట్ ఎంతవుతుందో రోజూ రాత్రి భోజనాలయ్యాక చూసి నోట్‌బుక్‌లో వేస్తున్నారు. నేను మాత్రం పారిస్–బాసెల్ రైల్లో పాస్ సీట్లు రెండు కనిపిస్తాయేమోనని చూస్తుంటాను. వెళ్లడానికి కాదు, ఊరికే.