చలికి చావని పామ్ చెట్ల కోసం గుంటూరు నుంచి కడియం దాకా

జూన్ ఆఖరి వారంలో శిక్షణ తరగతుల కోసం ఆమె గుంటూరు వచ్చి మా ఇంట్లో దిగింది. నాకు చెల్లెలి వరస కాదు కానీ, కలిసి చదువుకున్న రోజుల నుంచి నన్ను అక్కా అనే పిలుస్తుంది. ఊరు చింతపల్లి దగ్గర. లంబసింగి చూడటానికి వచ్చేవాళ్ళ కోసం వాళ్ళాయన ఇంటి పక్కనే రెండు గదులు కట్టించాడు. వాకిలికి రెండు వైపులా పామ్ చెట్లు నిలబెట్టాలని వాళ్ళ కోరిక. రెండేళ్ళ కిందట కొన్న ఎనిమిది మొక్కల్లో ఆరు జనవరి దాటలేదట.

"అక్కా, ఈసారి డబ్బు ఎక్కువైనా పర్వాలేదు. చలిని తట్టుకునే హైబ్రిడ్ రకమే కావాలి" అంది. ఆ మాట నర్సరీ వాకిట్లో అనవద్దని ముందే చెప్పాను.

బయలుదేరే ముందు ఒక లెక్క తేల్చుకోవాలి: ఎంత చలి? లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. పత్రికల్లో వచ్చే ఉష్ణోగ్రతలు చాలావరకు చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నమోదు చేసేవే. గట్టి చలి పడిన తెల్లవారుజామున అక్కడ సున్నాకు దగ్గరగా వెళుతుంది, పొద్దెక్కాక మళ్ళీ ఎండ కాస్తుంది. కొబ్బరికి ఇది పనికిరాదు. కానీ పామ్ జాతులన్నిటికీ ఇది ప్రాణాంతకమైన చలి కాదు. ఒంటి కాండం పామ్ చెట్టుకు ఉన్నదంతా నడినెత్తిన ఒకే మొవ్వు. మట్టలు మాడినా మళ్ళీ వస్తాయి, మొవ్వు చచ్చిందా, ఆ చెట్టు పోయినట్టే. కాబట్టి మనం డబ్బు పెట్టేది మొవ్వు బతకడానికి.

గుంటూరు చుట్టుపక్కల మూడు నర్సరీలు చూశాం. ఇంటి ముందు కుండీలకు అరెకా పామ్, సీసా ఆకారపు బాటిల్ పామ్, దారి పక్క నాటే రాయల్ పామ్ ఉన్నాయి. చలి సంగతి అడిగితే ముగ్గురూ నిజాయితీగా తెలియదన్నారు. నిజం చెప్పినందుకు ఒకచోట రెండు కరివేపాకు మొక్కలు కొని వచ్చేశాం.

విజయవాడలో కథ వేరు. బందరు రోడ్డు వెంట కంకిపాడు వైపు వెళుతూ పెద్ద పెద్ద చెట్లు నిలబెట్టిన ఒక నర్సరీలో ఆగాం. "చలి హైబ్రిడ్ ఉందమ్మా, మంచు కురిసినా ఏమీ కాదు" అని లోపలికి తీసుకెళ్ళారు. నల్లటి బ్యాగుల్లో ఆరడుగుల మొక్కలు. ఒక్కొక్కటి 14,000 రూపాయలు. పేరు అడిగితే మ్యూల్ పామ్ అన్నారు.

ఆ పేరు నాకు తెలుసు. దక్షిణ అమెరికాకు చెందిన రెండు రకాలను కలిపి చేసిన సంకరం అది. తల్లి బూటియా: నీలి ఛాయ మట్టలు, గట్టి ప్రాణం, నెమ్మది పెరుగుదల. తండ్రి క్వీన్ పామ్: చూడటానికి అందం, వేగంగా పెరుగుతుంది, చలికి మాత్రం కాస్త సుకుమారం. బూటియా గెలలోని మగపూలను విచ్చకముందే తీసేసి, గెలకు సంచి కట్టి, క్వీన్ పామ్ పుప్పొడిని చేత్తో అద్దుతారు. అలా పుట్టిన బిడ్డ సుమారు మైనస్ 9 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. మ్యూల్ అంటే కంచరగాడిద. కంచరగాడిదకు పిల్లలు పుట్టనట్టే ఈ చెట్టు గింజలు కూడా దాదాపుగా మొలవవు. ఒంటి కాండం చెట్టు కనుక కొమ్మ నాటి పెంచడం కూడా కుదరదు. ప్రతి మొక్కకూ ఆ సంకరం పని మళ్ళీ మొదటి నుంచి చేయాల్సిందే. అమెరికాలో కూడా అది ఖరీదు కావడానికి కారణం అదే. అసలైన మొక్క అయితే 14,000 చెప్పినా నేను ఆశ్చర్యపోను.

"ఎక్కడి నుంచి తెప్పించారు?" అని అడిగాను. ఆయన గర్వంగా నర్సరీ మూలన గెలలతో నిండుగా ఉన్న చెట్టును చూపించి, "తెప్పించడం ఎందుకమ్మా, ఈ చెట్టు గింజలతో మేమే మొలిపించాం" అన్నారు.

అక్కడితో తేలిపోయింది. అన్ని మొక్కలు మొలిచాయంటే ఆ గింజలు మ్యూల్ పామ్‌వి కావు. దగ్గరికి వెళ్ళి మట్ట కాడ తడిమాను. బూటియా కాడకు రంపంలా పళ్ళుంటాయి, సంకరంలో కనీసం వాటి ఛాయైనా కనబడాలి. ఇక్కడ కాడ నున్నగా ఉంది. నా అంచనాలో అవి వట్టి క్వీన్ పామ్ మొక్కలు. ఆయన కావాలని మోసం చేశారని నేను అనను, ఎవరో చెప్పిన పేరును నమ్మి ఉండవచ్చు. కానీ మా చెల్లెలు పది మొక్కలు కొని ఉంటే లక్షా నలభై వేలు. పైగా బిల్లు మీద జీఎస్టీ కలుపుతామన్నారు. నర్సరీ మొక్కల మీద జీఎస్టీ సున్నా. ఎవరైనా కలిపితే ఎందుకని అడగండి.

ఇంకోచోట ఇవే "విదేశాల నుంచి వచ్చినవి" అన్నారు. విదేశీ మొక్క దేశంలోకి రావాలంటే 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి పత్రం, పంపిన దేశం ఇచ్చిన మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. వాటి నకలు చూపించమని అడిగితే మాట మార్చారు. నమస్కారం పెట్టి బయటికి వచ్చాం.

ఆ రాత్రి విజయవాడ స్టేషను దగ్గర లాడ్జిలో ఉన్నాం. ఇద్దరికి 1,400. మంచం బాగుంది, నీళ్ళు బాగున్నాయి, వీధి చప్పుడు మాత్రం ఒంటిగంట దాకా ఆగలేదు. ఉదయం రైలు ఉన్నవాళ్ళకు తప్ప ఇంకెవరికీ చెప్పను. ఆమె ఎలాగూ ఇంటికి వెళ్ళేది అటే కదా అని, తెల్లవారి రత్నాచల్ ఎక్కి రాజమహేంద్రవరంలో దిగాం.

కడియం నర్సరీల గురించి ఎంత విన్నా, చూస్తేనే అర్థమవుతుంది. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, ఇలా ఊళ్ళకు ఊళ్ళే మొక్కలు. ఆటో సగం రోజుకు 700 మాట్లాడుకున్నాం. ఆ డ్రైవరు తనకు తెలిసిన నర్సరీకే తీసుకెళతానని రెండు సార్లు అన్నాడు. మేం చెప్పిన చోటే ఆపమని గట్టిగా చెప్పాక మాట విన్నాడు. రహదారి మీద ఉన్నవాటికన్నా లోపలి దారుల్లో ధర తగ్గుతుంది. విజయవాడలో 1,100 చెప్పిన ఫాక్స్‌టైల్ పామ్, లోపల ఒక రైతు మడిలో అదే ఎత్తు 500.

ఎత్తు అంటే గుర్తొచ్చింది. మట్ట కొస దాకా కొలిచి ఆరడుగులంటారు. మీరు కాండం ఎంత అని అడగండి, ధర దాని మీద మాట్లాడండి. బ్యాగులో పెరిగిందా, నేల నుంచి తవ్వి నెల కిందట బ్యాగులో పెట్టారా అని కూడా అడగాలి. కాండం పట్టుకుని మెల్లగా ఊపితే తెలిసిపోతుంది: పాత మొక్క మట్టితో కలిసి కదులుతుంది, కొత్తగా పెట్టింది మట్టిలో వదులుగా ఊగుతుంది. కాండానికి చిల్లులు, గోధుమ రంగు జిగురు కనబడితే ఎర్రముక్కు పురుగు పడినట్టే, ఉచితంగా ఇచ్చినా వద్దు.

మధ్యాహ్నం దాటాక బుర్రిలంక వైపు ఒక పెద్దాయన మడి దగ్గర ఆగాం. ముళ్ళ మట్టలతో, గుబురుగా, బూడిద పూసిన ఆకుపచ్చ రంగులో వరసగా మొక్కలు. "కానరీ ఖర్జూరమా?" అని అడిగాను.

ఆయన ఒక్క క్షణం నా వైపు చూసి, "అలాగే అమ్ముతారమ్మా. కానీ అసలు కానరీ కాదు. తల్లి చెట్టు పక్కనే మా ఈతచెట్లున్నాయి. కలిసిపోయింది" అన్నారు.

ఆ మాటకు ఆయనకు దండం పెట్టాలనిపించింది. ఖర్జూర జాతుల్లో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. దగ్గర్లో ఏ బంధువు పూసినా పుప్పొడి అందుతుంది, సంకరం దానంతట అదే జరుగుతుంది. కానరీ ఖర్జూరం గడ్డకట్టే చలికి ఓర్చుకునేదే. మన ఈత కూడా అంతే, ఉత్తర భారతపు చలిలో హాయిగా బతుకుతుంది. తల్లిదండ్రులిద్దరూ గట్టివాళ్ళయినప్పుడు బిడ్డ సంగతి భయపడనక్కర్లేదు. మేం వెతుకుతున్న చలి హైబ్రిడ్ అదే, ఎవరూ ఆ పేరు పెట్టి అమ్మడం లేదు, అంతే. రెండడుగుల కాండం ఉన్నవి 2,200 చెప్పారు. ఆరు తీసుకుంటామంటే 1,800కి ఇచ్చారు. నిజం చెప్పిన మనిషితో ఇంకా బేరం ఆడబుద్ధి కాలేదు.

గేటు కోసం ఇంకా ఏదైనా సన్నగా, ఎత్తుగా కావాలని ఆమె ఫాక్స్‌టైల్ వైపు చూసింది. నేను జీలుగు గుర్తు చేశాను. మన్యంలో కల్లు తీసే ఆ చెట్టు వాళ్ళ కొండల్లోనే పుట్టి పెరుగుతుంది, చేపతోక లాంటి ఆకులతో ఎంత అందంగా ఉంటుందో! "మా ఊళ్ళో ఉన్నదే కదక్కా, దానికి డబ్బు పెట్టడమేమిటి" అంది. పెట్టనక్కర్లేదు, గింజలు ఏరుకుని మొలిపించుకోమన్నాను. అయినా మనసు ఒప్పక రెండు ఫాక్స్‌టైల్ కొంది. ఇంటి గోడ పక్కన, గాలి తగలని చోట పెట్టాలని మాట తీసుకున్నాను.

రాజమహేంద్రవరంలో గది 1,600. ఇరవై నాలుగు గంటల చెకౌట్ కావడం వల్ల మర్నాడు మొక్కల బండి బయలుదేరే దాకా హడావిడి లేదు. గోదావరి గట్టు దగ్గర, నిశ్శబ్దం. ఈ ప్రయాణంలో మళ్ళీ వెళ్ళి ఉండదగిన బస అదొక్కటే.

రవాణా గురించి జాగ్రత్త. నర్సీపట్నం వైపు మొక్కలు తీసుకెళుతున్న మినీ లారీలో చోటుకు 3,500 తీసుకున్నారు. ఎక్కించే కూలీ వేరు అని చివర్లో చెప్పారు, ముందే అడిగి ఉంటే మిగిలేది. మట్టలను గుత్తిగా కలిపి కట్టించాం, గాలికి మొవ్వు విరగకుండా. పైన నీడవల కప్పించాం. నాటేటప్పుడు బ్యాగులో ఉన్న లోతు కన్నా ఒక్క అంగుళం కూడా కిందికి దించవద్దని కాగితం మీద రాసిచ్చాను. వానలు మొదలైన రోజులు కావడం మంచిదయింది, పామ్ వేర్లు వెచ్చటి తడి నేలలోనే త్వరగా సాగుతాయి.

ఫిబ్రవరిలో ఫొటోలు పంపింది. ఫాక్స్‌టైల్ మట్టల కొసలు మాడాయి, ఒకదానికి పాత మట్టలన్నీ పోయాయి, మొవ్వు మాత్రం పచ్చగా ఉంది. ఈత కలిసిన ఆరు ఖర్జూరాలకూ ఒక్క మచ్చ లేదు. ఆఖరి ఫొటోలో వాకిలి పక్కన తడి ఇసుక నింపిన మట్టి తొట్టి ఉంది. అందులో జీలుగు గింజలు పాతిపెట్టారట, ఇంకా మొలకెత్తలేదట.