శ్రీకాకుళం, విజయనగరం బార్లలో కాక్‌టైల్ అడగాలంటే

విజయనగరం, శ్రీకాకుళంలో బార్ అండ్ రెస్టారెంట్లు ప్రధానంగా పెగ్గు, సోడా, బీరు మీదే నడుస్తాయి. కొన్ని చోట్ల మెనూ చివరి పేజీలో మోజిటో, మార్గరీటా, మార్టినీ అని పేర్లు కనిపిస్తాయి. ఆ పేజీని నమ్ముకోవద్దు. ముందు కౌంటర్ వెనక అరలో ఏ సీసాలున్నాయో చూడండి, వాటితో అయ్యేదే అడగండి.

మార్టినీ, నెగ్రోనీ, మన్‌హాటన్ అనే కాక్‌టైల్స్ మూడింటికీ వెర్మూత్ ఉండాలి. అది మూలికలు, కాస్త స్పిరిట్ కలిపిన వైను. మూత తీశాక ఫ్రిజ్‌లో ఉంచినా నెలా రెండు నెలల్లో రుచి దిగిపోతుంది, బయట అరలో ఎండాకాలం గడిపితే ఇక చెప్పేదేముంది. అడిగేవాళ్లు తక్కువైన చోట ఒక సీసా ఖాళీ అవ్వడానికి చాలా కాలం పడుతుంది, చిక్కు అక్కడే. విస్కీతో చేసే ఓల్డ్ ఫ్యాషన్డ్‌కి బిటర్స్, అంటే చుక్కల లెక్కన వేసే చేదు మూలికల సారం, లేకపోతే మిగిలేది చక్కెర కలిపిన విస్కీ. ఇలాంటివి తాగాలనుంటే విశాఖ బీచ్ రోడ్డు స్టార్ హోటళ్లకు వెళ్లడమే మేలు. విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, రైల్లో గంట ప్రయాణం.

ఈ ఊళ్లలో ధైర్యంగా అడగదగ్గది డైకిరీ. క్యూబాలో పుట్టిన ఈ కాక్‌టైల్‌కి కావలసినవి రమ్ము, నిమ్మరసం, చక్కెర, అంతే. అందులో వాడేది పలచటి తొక్కున్న చిన్న ఆకుపచ్చ నిమ్మ, అంటే మన బజారులో దొరికే జాతే. పేరు చెబితే చాలామంది వెయిటర్లకు తెలియదు కాబట్టి కొలతలే చెప్పండి: రమ్ము ఒక లార్జ్, అంటే 60 మి.లీ., నిమ్మరసం 20 మి.లీ., చక్కెర రెండు చెంచాలు. మన నిమ్మకాయలు చిన్నవైతే రెండు పడతాయి. బకార్డి లాంటి తెల్ల రమ్ము ఉంటే అదే తీసుకోండి. ఓల్డ్ మంక్ లాంటి ముదురు రంగు రమ్ము ఒక్కటే ఉంటే చక్కెర ఒక చెంచాకు తగ్గించండి, దానికి తీపి వాసన ముందే ఉంటుంది.

కలిపే వరసలోనే చాలాచోట్ల పొరపాటు జరుగుతుంది. రమ్ములో చక్కెర వేసి ఐస్ పోస్తే పలుకులు అడుగున అలాగే ఉండిపోతాయి. మొదటి గుక్క పుల్లగా, చివరిది పాకంలా ఉంటుంది. చక్కెర ముందు నిమ్మరసంలో పడాలి, పలుకు పోయేదాకా కలపాలి, ఆ తర్వాతే రమ్ము. షేకర్ లేకపోతే మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బా సరిపోతుంది. ఐస్ నిండా వేసి పది పన్నెండు సెకన్లు గట్టిగా ఊపి, టీ వడకట్టే జల్లెడతో గ్లాసులోకి వంపాలి. “తమ్ముడూ, ఇక్కడే టేబుల్ మీద కలుపుతావా?” అని అడిగితే రద్దీ లేని వేళ కాదనేవాళ్లు తక్కువ. సాయంత్రం ఏడులోపు వెళ్తే ఈ ఓపిక దొరుకుతుంది.

నిమ్మకాయ సంగతి గట్టిగా చెప్పాలి. ఉల్లిపాయ చక్రాలతో పాటు ప్లేట్లో వచ్చే నిమ్మ ముక్కలు వాడొద్దు. కోసిన నిమ్మకు ఉల్లి వాసన పట్టేస్తుంది, డైకిరీలో అది దాగదు. పొద్దున పిండి పెట్టిన రసంలో చేదు తగులుతుంది. కాయ తెప్పించి అప్పుడే కోయించండి.

తర్వాత ఐస్. గడ్డ కొట్టి బకెట్లో తెచ్చిన ముక్కలు చిన్నవి, తడివి, వాటిని వేస్తే ముందు నీళ్లే చేరతాయి. అడుగు నీరు వంపేసి పెద్ద ముక్కలు ఏరుకోండి. ఓసారి వాసన చూడండి. చేపలున్న ఫ్రీజర్లో పెట్టిన ఐస్ అయితే వెంటనే తెలిసిపోతుంది. అప్పుడు కాక్‌టైల్ మానేసి చల్లటి బీరు చెప్పడమే మంచిది.

ఎండాకాలం ఉక్కపోతకు టామ్ కాలిన్స్ ఇంకా హాయి: జిన్ను 45, నిమ్మరసం 30, చక్కెర పాకం 15, సోడా 60 మి.లీ. జిన్ను అన్ని చోట్లా ఉండదు, వోడ్కాతోనూ బాగుంటుంది. చల్లటి సోడా సీసా మీ ఎదుటే తీయించి చివర్న పోసి, ఒక్కసారే తిప్పండి. ఎక్కువ కలిపితే గ్యాసు పోతుంది. రమ్ము, కోలా, నిమ్మతో చేసే క్యూబా లిబ్రేలో కోలా మీరే పోసుకోండి, 50 మి.లీ. రమ్ముకు 120 చాలు. మోజిటో అంటే కొన్నిచోట్ల ఆకుపచ్చ సిరప్, స్ప్రైట్ వస్తాయి. తాజా పుదీనా, వట్టి సోడా ఉన్నాయంటేనే చెప్పండి. విస్కీ, నిమ్మ, చక్కెరతో చేసే విస్కీ సవర్‌లో పచ్చి గుడ్డు తెల్లసొన వద్దనండి, అది లేకున్నా రుచికి లోటుండదు.

నంజుకోవడానికి పలాస జీడిపప్పు వేయించి ఉప్పు, మిరియాలు చల్లి ఇస్తే డైకిరీకి దాన్ని మించింది లేదు. అపోలో ఫిష్ మసాలా ఘాటుకు నిమ్మ రుచి నిలవదు, దాన్ని బీరుకు ఉంచండి.

బస విషయానికొస్తే, బార్ ఉన్న లాడ్జి లేదా హోటల్ తీసుకోవడం ఈ రెండు ఊళ్లలోనూ తెలివైన పని. గది మాత్రం బార్ పైనున్న అంతస్తులో వద్దు, వెనకవైపు పై అంతస్తు అడగండి. విజయనగరంలో స్టేషన్ ఊళ్లోనే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, ఊరికి సుమారు 13 కిలోమీటర్లు. రాత్రి ఆటో బేరం కష్టం, రైలు దిగి నేరుగా గదికి చేరి అక్కడే భోంచేయండి. రథసప్తమికి అరసవల్లి వల్ల శ్రీకాకుళంలో, దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవానికి విజయనగరంలో గదులు దొరకడం కష్టం. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 బార్లు మూత.

బిల్లులో మందుకు జీఎస్టీ ఉండదు, తిండికి, మందు లేని మోజిటోకు ఉంటుంది. సర్వీస్ ఛార్జీ వేస్తే తీసేయమని అడిగే హక్కు మీకుంది. బండి తీసుకెళ్లొద్దు. వంద మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ.