హిమాలయాల మీదుగా వోల్‌బివ్: జట్టులోకి పోటీ పైలట్ మేలా, పర్వతారోహకుడు మేలా?

అక్టోబరు దగ్గరపడితే చాలు, పారాగ్లైడింగ్ కోసం హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్‌కు బయలుదేరే మిత్రులు ఒకే ప్రశ్న వేస్తారు. జట్టు కడుతున్నాం, ఇంకొకరికి చోటుంది, ఎవరిని తీసుకోమంటారు? పోటీల్లో పతకాలు తెచ్చిన పైలట్‌నా, ఏళ్ల తరబడి కొండలెక్కి ఆ తర్వాత ఎగరడం నేర్చుకున్న మనిషినా? బీర్ పైనున్న బిల్లింగ్ కొండ మీద గాలిలోకి లేచి సాయంత్రానికి బీర్‌లో దిగి టీ తాగే విహారానికైతే ఈ ప్రశ్నే అక్కర్లేదు. సామానంతా పైలట్ కూర్చునే హార్నెస్‌లో కుక్కుకుని, ధౌలాధార్ పర్వతశ్రేణి వెంబడి రోజుల తరబడి సాగుతూ, దిగిన చోటే గుడారం వేసుకునే ప్రయాణం, అంటే వోల్‌బివ్ గురించి నేను చెబుతున్నాను.

గాలిని చదవడంలో పోటీ పైలట్‌దే పైచేయి. థర్మల్‌లో, అంటే పైకి లేచే వేడిగాలిలో, బలమైన చోటును వెతికి పట్టుకోవడం, మబ్బుల తీరు చూసి ముందు ఎక్కడ పైకెత్తే గాలి దొరుకుతుందో అంచనా వేయడం, గ్లైడర్ గుడ్డ రెక్క ఒక పక్క ముడుచుకుంటే ఆలోచన కంటే ముందే చేతులు కదలడం, ఇవన్నీ వందల గంటలు గాలిలో గడిపితే తప్ప అబ్బవు. నడుస్తూ, ఎగురుతూ ఆల్ప్స్‌లో సాగే ఎక్స్-ఆల్ప్స్ పందెంలో 2009 నుంచి 2023 దాకా వరుసగా ఎనిమిదిసార్లు గెలిచిన స్విట్జర్లాండ్ పైలట్ క్రిగెల్ మౌరర్ అంతకుముందు ప్రపంచకప్‌లో రాటుదేలిన మనిషే. ఆ నైపుణ్యాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు బలమైన థర్మల్‌లో ఎప్పుడూ ఇరుక్కోలేదనే అనుకోవాలి.

అయినా నా లెక్కలో తేల్చేది అది కాదు. ఈ రోజు ఎగరాలా వద్దా, ఎగిరాక ఎప్పుడు దిగాలి అన్న నిర్ణయం ఎవరికి అలవాటు అన్నదే తేల్చేది. పోటీలో ఆ నిర్ణయాలు చాలావరకు వేరేవాళ్లు చేస్తారు. ఆ రోజు ఎగరాల్సిన దారిని, అంటే టాస్క్‌ను, ఒక కమిటీ గీస్తుంది. వాతావరణం చెడితే నిర్వాహకులు రేడియోలో టాస్క్ ఆపేస్తారు. చుట్టూ గుంపుగా తిరిగే పైలట్లే ఎక్కడ గాలి లేస్తోందో చూపిస్తారు. పొలంలో దిగితే వ్యాను వస్తుంది. ఇన్నేళ్లూ గాలిలోనే గడిపినా, తెరిచిన గ్లైడర్‌ను తనంతట తాను మడిచేసే రోజు చాలామందికి రాదు.

2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మానిల్లాలో జరిగింది గుర్తు చేసుకోండి. ప్రపంచ చాంపియన్‌షిప్‌కు ముందు సాధన కోసం ఎగిరిన జర్మనీ పైలట్ ఎవా విష్నియెర్స్కాను ఉరుముల మబ్బు 9,946 మీటర్ల ఎత్తుకు లాగేసింది. స్పృహ తప్పినా ఆమె ప్రాణాలతో బయటపడ్డారు. అదే తుఫానులో చిక్కుకున్న చైనా పైలట్ చనిపోయారు. ఇద్దరూ ప్రపంచ స్థాయి పోటీదారులే. నైపుణ్యానికి కొదవ లేదు.

హిమాలయాల్లో ఈ నిర్ణయం మరింత కష్టం. మధ్యాహ్నానికి ఎండ కాసిన వాలుల మీద గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీని నింపడానికి లోయ కింది నుంచి గాలి పరుగెత్తుకొస్తుంది. ఇరుకు లోయల్లో అది గ్లైడర్ మామూలు వేగాన్ని, అంటే గంటకు 38 కిలోమీటర్లను, దాటిపోతుంది. అప్పుడు దిగబోతే వెనక్కి కొట్టుకుపోతూ దిగాలి. పైన మాత్రం మబ్బు కింద అంతా హాయిగా, ఇంకో యాభై కిలోమీటర్లు పోవచ్చన్నట్టు ఉంటుంది. పైగా 5,500 మీటర్ల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగమే, బుద్ధి మందగించినట్టు మనకే తెలియదు. 4,000 మీటర్ల ఎత్తున్న కనుమలో దిగితే, గాలి పలచన కాబట్టి అదే గ్లైడర్ ఐదో వంతు ఎక్కువ వేగంతో నేలను తాకుతుంది. మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోను, మెసెంజర్ వాడకూడదు. కాబట్టి దిగాక పిలిస్తే పలికేవాళ్లు ఉంటారన్న భరోసా కూడా లేదు.

పర్వతారోహకుడికి వెనుదిరగడం వృత్తిలో భాగం. శిఖరం కనిపిస్తున్నా, అనుకున్న వేళ దాటితే తిరుగుముఖం పట్టడం నేర్చుకుంటేనే మరుసటి ఏడాది మళ్లీ ఎక్కగలిగేది. మా మిత్రులలో అలాంటివారు ఒకరున్నారు. ఒకసారి బిల్లింగ్‌లో ఆయన గ్లైడర్ పరిచి, తాళ్లు సరిచూసి, హార్నెస్ కట్టుకుని కూడా ధౌలాధార్ వైపే చూస్తూ నిలబడ్డారు. పదకొండింటికే మబ్బులు కాలీఫ్లవర్ పువ్వుల్లా పైకి పొంగుతున్నాయి. బకిల్స్ ఒక్కొక్కటీ విప్పి, గ్లైడర్ మడిచి సంచిలో పెట్టి, పద్నాలుగు కిలోమీటర్ల దారి పట్టి బీర్‌కు నడిచి దిగారు. ఆ రోజు ఎగిరినవాళ్లందరూ క్షేమంగానే తిరిగొచ్చారు. ఆయన ముఖంలో మాత్రం ఏదో పోగొట్టుకున్న ఛాయ లేదు. నాకు జట్టులో కావలసింది ఆ గుణం.

నేల మీద కూడా వాళ్లదే పైచేయి. ఇరవై కిలోల బరువుతో దారి లేని వాలు దిగడం, చలిలో పొడి మేజోళ్లు దాచుకోవడం, తలనొప్పి మొదలవగానే అది ఎత్తు వల్లేనని గుర్తించడం వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

లోపమూ పెద్దదే. చాలామంది పర్వతారోహకులకు పారాగ్లైడర్ కిందికి దిగే సాధనం మాత్రమే. 1988లో ఫ్రాన్స్ పర్వతారోహకుడు జాన్-మార్క్ బువావాఁ ఎవరెస్టు శిఖరం నుంచి ఎగిరి పన్నెండు నిమిషాల లోపే దిగారు. అద్భుతమే, కానీ థర్మల్ పట్టుకుని మళ్లీ పైకి లేచి లోయ దాటడం వేరే విద్య. ఆ విద్య కూడా పట్టుబడితే ఏమవుతుందో ఆంట్వాన్ జిరార్ చూపించారు. కొండలెక్కడం నుంచి వచ్చిన ఈ ఫ్రెంచ్ పైలట్ 2016లో కారకోరంలో 8,051 మీటర్ల బ్రాడ్ పీక్ పైగా 8,157 మీటర్ల ఎత్తున ఎగిరారు.

గాలిలో విన్యాసాలు చేసే ఆక్రో పైలట్లకు గ్లైడర్ మీద పట్టు గట్టిదే, ఈ ప్రయాణంలో ఆ పట్టు అవసరం అరుదు. ఇంజన్ లేని విమానం, అంటే సెయిల్‌ప్లేన్ నుంచి వచ్చినవాళ్లకు వాతావరణం బాగా తెలుసు, కానీ వాళ్లది నెమ్మదిగా సాగే రెక్క కాదు. ఒకే గ్లైడర్‌పై ఇంకొకరిని వెంట తీసుకెళ్లే టాండెమ్ పైలట్లకు తమ కొండ బాగా తెలుసు, పక్క కొండ సంగతి వేరు.

ఇద్దరికి చోటుంటే చెరొకరిని తీసుకోండి. 2011లో నేపాల్‌కు చెందిన సానో బాబు సునువార్, లక్పా త్షేరి షెర్పా చేసింది అదే. బాబు పైలట్, కయాకర్, కొండలెక్కిన అనుభవం లేదు. లక్పాకు ఎవరెస్టు కొత్త కాదు, ఎగరడమే కొత్త. ఇద్దరూ ఎవరెస్టు మీద నుంచి ఒకే టాండెమ్‌లో ఎగిరారు, ఆపై నదుల వెంట కయాక్‌లో బంగాళాఖాతం దాకా వెళ్లారు.

ఒక్కరికే చోటుంటే నా ఓటు పర్వతారోహకుడికే, అయితే రెండు సీజన్లు క్రాస్‌కంట్రీ, అంటే దూరాలు, ఎగిరి, గ్లైడర్ ముడుచుకుంటే (కొలాప్స్) తేరుకునే శిక్షణ నీటి మీద పూర్తి చేసి ఉండాలి. పోటీ పైలట్‌నే తీసుకుంటున్నట్టయితే పోటీ గ్లైడర్‌ను ఇంట్లో వదిలేసి పోటీ గ్లైడర్ కంటే నిలకడగా ఎగిరే, తేలికపాటి ఈఎన్-బి తరగతి గ్లైడర్ తెచ్చుకోమనండి. బయలుదేరే ముందు పూర్తి సామానుతో ఒక వారం కొండల్లో నడిపించండి.