చేదు మిగిలింది, దబ్బాకు పోయింది

పన్నెండేళ్ళుగా సియెరా నెవాడా పేల్ ఏల్ అనే అమెరికన్ బీరు తాగుతున్నాను. దాని చేదు గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కాకరకాయ వేపుడు, మెంతికూర పప్పు, ఉగాదికి వేపపువ్వు తిని పెరిగిన నాలుకకు 38 ఐబీయూల (బీరు చేదును కొలిచే లెక్క) చేదు ఏపాటిది? నన్ను పట్టుకున్నది వాసన. మూత తీయగానే మజ్జిగలో దబ్బాకు నలిపి వేసినట్లు, పక్క గదిలో ఎవరో పంపరపనస తొక్క ఒలుస్తున్నట్లు ఉంటుంది. బీరుకు చేదునూ వాసననూ ఇచ్చే హాప్ పువ్వుల్లో కాస్కేడ్ అనే రకం పుణ్యం అది. 1972లో ఆరెగాన్ రాష్ట్రం నుంచి రైతుల చేతికి వచ్చింది. 1980లో కాలిఫోర్నియాలోని చీకో పట్టణంలో కెన్ గ్రాస్‌మన్ ఈ బీరు మొదలుపెట్టినప్పుడు, ప్రతిసారీ ఒకే రుచి రావడం లేదని తొలి విడతలు కొన్నింటిని పారబోశాడు. ఆ సంగతి విన్నప్పటి నుంచి నాకు ఈ బీరంటే గౌరవం కూడా ఏర్పడింది. ఎక్కడ కొన్నా, ఎప్పుడు తాగినా ఒకేలా ఉంటుందని కనబడిన ప్రతివాడికీ చెప్పేవాడిని.

ఇప్పుడు ఆ మాటలో సగమే చెబుతున్నాను.

రెండేళ్ళ కిందట ఆగస్టులో అక్కా, బావగారూ రాజమండ్రి నుంచి మా ఇంటికి వచ్చారు. మేముండేది శాక్రమెంటో పక్కన. బావగారికి బీరంటే స్ట్రాంగ్ లాగరే. ఫోనులో మాట్లాడినప్పుడల్లా, మీరు వచ్చాక అసలు బీరు చూపిస్తానని ఊరిస్తూ వచ్చాను. మే నెలలోనే ఒక పెద్ద దుకాణంలో తగ్గింపు ధరకు ఇరవై నాలుగు సీసాల పెట్టె కనబడితే ఎగిరి గంతేసి కొన్నాను. ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి, పెరుగు, కొత్తిమీర కట్టలు పోగా సీసాలకు చోటు లేదు. గ్యారేజీలో పెట్టాను. ఎండాకాలంలో మా ఊళ్ళో నలభై డిగ్రీలు మామూలే, తలుపు మూసిన గ్యారేజీ అంతకంటే వేడి. అయినా నాకో ధీమా ఉండేది. ఈ సీసాల అడుగున ఈస్ట్ సన్నని మడ్డిలా ఉంటుంది. సీసాలోనే మళ్ళీ కాస్త పులిసే బీరు ఇది. ప్రాణమున్న సరుకు కదా, ఎక్కడ పెట్టినా తన సంగతి తానే చూసుకుంటుందని అనుకున్నాను.

ముందురోజే సీసాలు చల్లబెట్టాను. చేప వేపుడు సిద్ధమైంది. గ్లాసులు నింపి కాస్కేడ్ మీద పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. బావగారు ఓపికగా విని, ఒక గుక్క తాగి, గ్లాసు వెలుతురుకు ఎత్తి చూశారు.

"ఏమయ్యా, ఇందులో తేనె కలుపుతారా?"

నేనూ తాగాను. చేదు ఉంది. నాలుక వెనక ఎప్పటిలాగే కూర్చుంది. పంపరపనస లేదు. దాని స్థానంలో మాగిపోయిన తీపి, వానలో తడిసిన అట్టపెట్టె వాసన. ముఖం చూసే నా సంగతి ఆయనకు అర్థమైపోయింది.

"ఇందుకోసమా రెండేళ్ళు ఊరించావు?"

సీసా మెడ దగ్గర తేదీ చూస్తే ఫిబ్రవరి నాటి సరుకు. నేను కొనేనాటికే మూడు నెలలు దాటింది. తగ్గింపు ధర ఎందుకో అప్పుడు తెలిసింది. కొన్నాళ్ళు ఆ దుకాణాన్ని తిట్టుకున్నాను గానీ, అందులో నా గ్యారేజీ వాటాయే ఎక్కువ. హాప్స్‌ను మరిగించినప్పుడు దిగే చేదు త్వరగా పోదు. వాసననిచ్చే నూనెలు అలా కావు, కాలానికీ వేడికీ ముందు అవే పోతాయి. అవి పోయాక మిగిలిన చేదు కషాయంలా ఉంటుంది. మిగతా సీసాల్లో కొన్ని కోడికూర నానబెట్టడానికి వాడాను, కొన్ని పారబోశాను. గ్రాస్‌మన్ పారబోసినప్పుడు నాకు కలిగిన గౌరవం, నేను పారబోసినప్పుడు మా ఆవిడకు కలగలేదు.

పరువు దక్కించుకోవాలని ఆ శనివారం అందరినీ చీకో తీసుకెళ్ళాను. రెండు గంటల దూరం. బ్రూవరీలో కుళాయి నుంచి పట్టిన గ్లాసు బావగారి ముందు పెట్టి ఈసారి నోరు మూసుకున్నాను. ఆయన తాగబోతూ ఆగి, ముక్కు దగ్గర పెట్టుకుని, "దబ్బాకు" అన్నారు. పైన నేను వాడిన పోలిక ఆయన దగ్గర తీసుకున్నదే. రెండో గ్లాసు ఆయనే అడిగి తెప్పించుకున్నారు. తిరుగు ప్రయాణంలో కారు మా ఆవిడ నడిపింది.

అప్పటి నుంచి తేదీ చూడకుండా కొనడం లేదు. డబ్బాలకైతే అడుగున ఉంటుంది. దుకాణంలో డబ్బాలు తిరగేసి చూస్తుంటే పక్కవాళ్ళు వింతగా చూస్తారు, చూడనీ. రెండు నెలలు దాటితే ముట్టను. ఆరుబయట కూర్చున్నప్పుడు గ్లాసును ఎండలో పెట్టను. హాప్స్ చేదు మీద వెలుతురు పడితే కాసేపటికే ముక్కు మూసుకునే కంపు పుడుతుంది. బీరుకు గోధుమరంగు సీసాలు వాడేది అందుకే.

అదే కంపెనీ బీరు టార్పిడోలో ఆల్కహాలు 7.2 శాతం, ఇంకా ఘాటు. బాగుంటుంది, రెండోది తాగబుద్ధి కాదు. వేరే కంపెనీ చేసే ప్లైనీ ద ఎల్డర్ సంగతి వేరు. వెసూవియస్ పేలినప్పుడు పోయిన రోమన్ పండితుడి పేరు పెట్టుకున్న ఈ 8 శాతం బీరు సీసా మీద, తాజాగా తాగు, దాచుకోకు అని చుట్టూ ఆదేశాలే. ఒకప్పుడు వాటిని చూసి నవ్వేవాడిని. అందరూ మొదట ఇదే తాగాలని కూడా అనేవాడిని. కొత్తవారికి ఇప్పుడు అలా చెప్పను, వాళ్ళకు పేల్ ఏల్ చాలు. ప్లైనీని నేనూ ఒక మిత్రుడితో పంచుకునే తాగుతాను. గోంగూర, ఆవకాయ పక్కన మాత్రం ఏదీ వద్దు. కారం, చేదు ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుంటాయి.

నేను చీకోకు దగ్గర్లో ఉంటున్నవాడిని, పైగా డాక్టరు మాట మీద వారానికి ఒకటే తాగుతున్నవాడిని. అందుకే ఆ ఒకటి తాజాగా ఉండాలని ఇంత పట్టుదల. హైదరాబాదులో ఉన్నవారు ఓడెక్కి వచ్చిన పాత సీసా కోసం ఎక్కువ డబ్బు పెట్టేకన్నా, దగ్గర్లోని మైక్రోబ్రూవరీలో పేల్ ఏల్ దొరుకుతుందేమో అడగడం మేలు. బాగుంటుందో లేదో నేను హామీ ఇవ్వలేను, తాజాగా అయితే ఉంటుంది.

ఆ ఏటి కొత్త హాప్స్‌తో సియెరా నెవాడా వాళ్ళు చేసే సెలబ్రేషన్ అనే బీరు చలికాలం ముందు వస్తుంది. మా దుకాణానికి ఇంకా రాలేదు. ఫ్రిజ్‌లో రెండో అర మాత్రం ఖాళీ చేయించాను, ఇడ్లీ పిండితో కొంత గొడవ పడి.