పదకొండు టూల్స్‌లో మిగిలినవి మూడు: మా క్లాసు డిజిటల్ కథలకు ఐదేళ్ళ వాడకం

2020లో బడులు మూసి ఉన్న రోజుల్లో ఒక వెబినార్‌లో కూర్చున్నాను. డిజిటల్ స్టోరీ టెల్లింగ్ అన్న మాట వినడం అదే మొదటిసారి. ఆ మేడం గంటలో పదకొండు వెబ్‌సైట్లు చూపించారు. నేను తెలుగు టీచర్ని. అప్పటికి నాకు కంప్యూటర్ అంటే మార్కుల జాబితా టైపు చేయడమే. అయినా అన్నిట్లోనూ ఖాతా తెరిచి, పాస్‌వర్డులన్నీ పాల లెక్క రాసుకునే డైరీ వెనకాల రాసిపెట్టుకున్నాను. ఇప్పుడు ఆ డైరీతో పని లేదు. వాడేవి మూడే, వాటి పాస్‌వర్డులు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

గుంటూరులో మున్సిపల్ హైస్కూలు మాది. 8, 9 తరగతుల పిల్లల్లో చాలామంది ఇళ్ళు మిర్చి యార్డు మీదో, కోల్డ్ స్టోరేజీల మీదో బతికేవి. సామగ్రి అంటారా, నాడు-నేడు పథకంలో వచ్చిన పెద్ద టచ్ తెర ఒకటి, ఛార్జర్ పీకితే ఆరిపోయే ల్యాప్‌టాప్ ఒకటి, నా ఫోను, రాత్రి ఏడు దాటాక ఇంటికొచ్చే అమ్మానాన్నల ఫోన్లు. పిల్లకో ట్యాబు, గదిగదికీ వైఫై ఉన్న బడుల్లో నేను చెప్పేది కొంత తేడాగా ఉండొచ్చు.

డిజిటల్ స్టోరీ టెల్లింగ్ పద్ధతి అమెరికాలో కాలిఫోర్నియా నుంచి వచ్చింది. 1990లలో జో లాంబర్ట్, ఆయనతో ఉన్నవాళ్ళు మొదలుపెట్టారు. మామూలు మనిషి తన బతుకులోని ఒక సంగతిని, తన గొంతుతో, కొద్ది ఫోటోలతో, రెండు మూడు నిమిషాల్లో చెప్పడం. ఇందులో సాఫ్ట్‌వేర్ ఆఖరున వస్తుంది. నాకు నేర్పిన వెబినార్‌లో ముందే వచ్చింది. ఆ తలకిందుల వరస సరిచేసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

మొదటి దెబ్బ తెలుగు అక్షరాల దగ్గరే తగిలింది. బొమ్మలు కదిలించే సైటొకటి, పేరెందుకులెండి, అందులో పిల్లలు ముచ్చటపడి కథ చేశారు. తీరా వీడియో దిగాక ‘మిర్చి’ అన్న మాటలో ర పక్కన సున్న చుట్టలు, విడిపోయిన గుడి, కాళ్ళూ చేతులూ ఊడిన బొమ్మలా ఉంది. తర్వాత అర్థమైంది. కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలూ దాచుకునే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. అందులో ఒత్తు అనేది విడిగా ఉండదు. ర, పొల్లు, చ అని వరసగా దాచుకుంటుంది, వాటిని కలిపి ఒత్తుగా గీయాల్సింది ఆ సాఫ్ట్‌వేర్. ఇంగ్లీషు ఒక్కటే దృష్టిలో పెట్టుకుని కట్టినవాళ్ళు ఆ పని చేయరు. అందుకే ఇప్పుడు ఏ కొత్త టూల్ కనపడినా ముందు నాలుగు మాటలు కొడతాను: స్త్రీ, సంక్రాంతి, కృష్ణ, మిర్చి. ఆ నాలుగూ వీడియోగా దించాక కూడా సరిగ్గా ఉంటేనే ఖాతా. తెర మీద బాగుండి, దించాక విరిగేవి కూడా ఉన్నాయి, జాగ్రత్త. ఇంకోటి, డీటీపీ చేసేవాళ్ళ దగ్గర్నుంచి అను ఫాంట్లలో ఉన్న ఫైలు తెచ్చి వెబ్‌లో అతికించకండి. అది యూనికోడ్ కాదు, పిచ్చిగీతలు వస్తాయి. నేను ల్యాప్‌టాప్ మీద లేఖిని అనే సైటులో కొడతాను, పిల్లలు ఫోన్లో జీబోర్డు కీబోర్డుతో నాకంటే వేగంగా కొడతారు.

ఇక మిగిలిన మూడింటి సంగతి.

స్టోరీవీవర్‌కి నా దగ్గర పెద్ద పీట. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో తెచ్చిన సైటు. కథలు నాలుగు చదువు స్థాయుల్లో ఉంటాయి, తెలుగులో బోలెడు. అన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉంటాయి కాబట్టి రాసినవారి పేరూ, బొమ్మలు వేసినవారి పేరూ చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మొదట పిల్లల్ని సొంత కథ రాయమంటే పెన్ను కొరుక్కుంటూ కూర్చున్నారు. అందుకని ఒక చిన్న ఇంగ్లీషు కథ ఇచ్చి, ‘మీ ఇంట్లో మాట్లాడే తెలుగులోకి మార్చండి’ అన్నాను. పుస్తకాల తెలుగు వద్దన్నాను. ‘వస్తుంది’ అని రాసిన పిల్లాణ్ణి పక్కవాడు ‘మీ అమ్మ అట్టా అంటదా?’ అని అడిగాడు. ఆ గంటలో భాష గురించి వాళ్ళు వాదించుకున్నంత నా వ్యాకరణం పాఠంలో ఏనాడూ వాదించుకోలేదు. కొత్తగా మొదలుపెట్టే టీచరెవరైనా ఇక్కణ్ణుంచే మొదలుపెట్టండి. అక్కడి బొమ్మలు అందమైనవే. కానీ మా వీధి కథ చెప్పాలంటే మా వీధి ఫోటోలే కావాలి, అప్పుడు వేరేదానికి వెళ్తాం.

ఆ వేరేది గూగుల్ స్లైడ్స్, రాతా ఫోటోలూ పేజీపేజీగా పేర్చుకునేది. దీన్ని కథల టూల్ అని ఎవరూ అనరు, కానీ నాకు అన్నిటికంటే అక్కరకొచ్చింది ఇదే. ఒకే ఫైలులో నలుగురు పిల్లలు నాలుగు ఇళ్ళ నుంచి పని చేయొచ్చు. ఒకడు పొరపాటున అంతా చెరిపేస్తే పాత వెర్షన్ల చరిత్రలోకి వెళ్ళి నిన్నటి దాన్ని వెనక్కి తెస్తాను. అలా ఎన్నిసార్లు తెచ్చానో లెక్క లేదు. స్లైడులో గొంతు కూడా పెట్టొచ్చు, ఆడియోని ముందు గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఇక్కడ నేను బాగా దెబ్బ తిన్నాను. తల్లిదండ్రుల సమావేశం రోజు స్లైడ్లు అందరికీ కనిపించాయి, గొంతు మాత్రం రాలేదు. ఆ ఆడియో ఫైలుకి చూసే అనుమతి విడిగా ఇవ్వాలని నాకు తెలియదు. ఇరవై మంది అమ్మల ముందు మూగ కథలు నడిపించాను. తప్పు నాదే.

మూడోది క్యాన్వా, పోస్టర్లూ వీడియోలూ తయారుచేసుకునే సైటు. బడి టీచరని రుజువు పెడితే ఎడ్యుకేషన్ ఖాతా ఉచితంగా ఇస్తారు, తెలుగు ఫాంట్లూ ఉన్నాయి. వీడియోగా దించే పనికి మాత్రమే వాడతాను, అదీ చిట్టచివర. మొదట్లో కథ రాయకముందే పిల్లల చేతికిచ్చాను. నలభై నిమిషాల పీరియడ్‌లో ముప్పై నిమిషాలు సీతాకోకచిలుక స్టిక్కర్ ఎక్కడ పెట్టాలన్న దాని మీదే గడిచింది. పెళ్ళి కార్డులా తయారైంది కథ. ఇప్పుడు గొంతు రికార్డింగు చేతికొచ్చాకే దాన్ని తెరుస్తాం.

పుస్తకాలు చేసే ఇంకో సైటు కూడా మూడేళ్ళు వాడాను. పిల్లలు ఇష్టపడ్డారు. ఒకరోజు ఉచిత ప్లాను మారింది, పంతొమ్మిది పుస్తకాలకు తాళం పడింది. డబ్బు కడితే తెరుస్తారట. వెబ్‌లో ఉన్నది మనది కాదని అప్పుడు ఒంటికి తెలిసింది. పెద్ద కంపెనీల టూల్స్ కూడా శాశ్వతం కావు, గూగుల్ వాళ్ళ రాత బోర్డు జామ్‌బోర్డ్ 2024 డిసెంబరు 31తో ఆగిపోయింది కదా. మా పుస్తకాలకు తాళం పడ్డ రోజు నుంచి ఒక్కో కథకీ మూడు ఫోల్డర్లు: రాత, గొంతు, ఫోటోలు. ఇవి బడి పెన్‌డ్రైవ్‌లోనూ, నా డ్రైవ్‌లోనూ ఉంటాయి. రేపు ఏ సైటు మూతపడినా ఒక సాయంత్రంలో మళ్ళీ కట్టుకోవచ్చు.

ఖాతాల విషయంలో కాస్త చాదస్తంగానే ఉంటాను. పిల్లల పేరుతో ఎక్కడా ఖాతా తెరవను, అన్నీ నా పేరునే. ముఖాలు పెట్టం. చేతులు, చెప్పులు, సైకిలు, పొయ్యి, ఇవే మా ఫోటోలు. ముఖం లేకపోతే బొమ్మ బాగుండదని ఒక సహోద్యోగి అన్నారు. కారం పట్టిన వేళ్ళ ఫోటో ఆవిడకి చూపించాను, మళ్ళీ అనలేదు. ఏఐ బొమ్మలు కూడా ఒకసారి ప్రయత్నించాం. గుంటూరు మిర్చి రాశి అడిగితే బుట్టెడు క్యాప్సికం వచ్చింది. క్లాసంతా పడి పడి నవ్వి దాన్ని వదిలేసింది.

గొంతు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఏ టూలూ తీర్చని చిక్కు అదే. మైకు ముందుకు రాగానే పిల్లలు డీఈఓ గారి ముందు పద్యం అప్పజెప్పినట్టు చదువుతారు. ఎన్ని చెప్పినా మారలేదు. దారి మా జిల్లాలోనే దొరికింది. బుర్రకథకు పేరు తెచ్చిన షేక్ నాజర్ గారిది పొన్నెకల్లు, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. బుర్రకథలో నడుమ కథకుడు, అటూ ఇటూ వంతలు. ఒక వంత హాస్యం చెప్తాడు, ఒక వంత లోకం సంగతులు ఎత్తుతాడు. కథకుడు ఎప్పుడూ గాల్లోకి చెప్పడు, పక్కవాడికి చెప్తాడు. మేమూ ముగ్గుర్ని కూర్చోబెట్టాం. ఒక పిల్ల కథ చెప్తుంది, ఒకడు ‘ఆ తర్వాత?’ అంటాడు, ఇంకొకడు అడ్డం తగులుతాడు. అంతే, అప్పజెప్పే గొంతు పోయింది. ఫోన్ బల్ల మీద పెట్టి మరిచిపోవాలి, చేత్తో పట్టుకోనివ్వకూడదు. తర్వాత అడాసిటీలో చప్పుడు తగ్గిస్తాను. మాటలేమీ లేని రెండు సెకన్ల ముక్క ఎంచి, ఆ శబ్దాన్ని దానికి గుర్తు పట్టించి, మొత్తం మీద తీసేయమంటే ఫ్యాను హోరు చాలావరకు పోతుంది. ఇది వెబ్ టూల్ కాదు, ల్యాప్‌టాప్‌లో వేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్, అందుకే నా మూడింటి లెక్కలో లేదు.

పోయిన మిర్చి సీజన్‌లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె కథ తెచ్చింది. ‘గుంటూరు మిర్చి ప్రపంచ ప్రసిద్ధి గాంచినది’ అని మొదలు. మీ ఇంట్లో ఎవరైనా ఆ పని చేస్తారా అంటే, నాయనమ్మ కోల్డ్ స్టోరేజీ దగ్గర షెడ్డులో కాయల ముచ్చికలు తీస్తుందంది. మరి ఆవిణ్ణి అడిగి రికార్డు చేసుకురామన్నాను. తెచ్చింది. తేజ కాయకీ బాడిగకీ ఘాటులో తేడా, తాలు కాయ ఏరడం, రోజు కూలి, అన్నీ చెప్పింది ముసలావిడ. మధ్యలో మనవరాలు ‘చేతులు మండవా నాయనమ్మా?’ అని అడిగితే, ‘మండితే మండినై. ఇంటికొచ్చినాక చంటోడు ఏడుస్తా ఉన్నా కళ్ళు తుడవను, మీ అమ్మని పిలుస్తా’ అంది. ఆ ఒక్క మాట కోసం మొదటి పేజీన్నర కొట్టేశాం. పిల్ల ఏమీ బాధపడలేదు.

షెడ్డులో తీసిన రికార్డింగు కాబట్టి వెనకాల రణగొణ. నేను రెండు రాత్రులు కూర్చుని అడాసిటీతో శుభ్రం చేశాను. అద్దంలా వచ్చింది గొంతు. సమావేశం రోజు ఆడియో అనుమతి రెండుసార్లు సరిచూసుకుని పెద్ద తెర మీద వేశాం. నాయనమ్మ ముందు వరసలో కూర్చుని రెండు నిమిషాల నలభై సెకన్లూ కదలకుండా చూసింది. బాగుందా అమ్మా అని అడిగాను.

‘బాగానే ఉందిగానీ టీచరమ్మా, మా షెడ్డు చప్పుడేదీ? నేనొక్కదాన్నే కూర్చుని తీసినట్టుంది’ అంది.

అసలు రికార్డింగు గొంతు ఫోల్డర్‌లో ఉండబట్టి బతికాను. ఆ వారంలోనే చప్పుడుతో సహా మళ్ళీ కట్టి, ఆవిడ కొడుకు ఫోనుకి పంపాను. ఈ ఏడాది నుంచి పిల్లలకి ఇంకో పని కలిపాను: మాటలు రికార్డు చేశాక, ఎవరూ మాట్లాడకుండా ఒక్క నిమిషం ఆ చోటి చప్పుడు విడిగా పట్టుకురావాలి. నిన్న ఒకడు తెచ్చాడు. లారీలోకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పడుతున్న చప్పుడు, మధ్యలో వాళ్ళ నాన్న దగ్గు.